పోయింది ఉద్యోగమా, పని గంటలా: 2020 కుదుపులో జర్మనీ, అమెరికా అనుభవాలపై ఒక కేస్ స్టడీ

2020 ఏప్రిల్‌లో అమెరికా నిరుద్యోగ రేటు 14.7 శాతంగా వెలువడింది. అదే నెలలో జర్మనీ నమోదిత నిరుద్యోగ రేటు 5.8 శాతం. కరోనా మహమ్మారి వల్ల రెండు దేశాల్లోనూ మార్చి నెలలోనే హోటళ్లు, దుకాణాలు, సినిమా హాళ్లు మూతపడ్డాయి, విమానాలు నిలిచిపోయాయి, చాలా కర్మాగారాల్లో ఉత్పత్తి ఆగింది. ఉపాధి గణాంకాల విశ్లేషణ నా వృత్తి కావడంతో, ఆ రోజుల్లో తయారుచేసిన మొదటి పట్టికలో ఈ రెండు అంకెలను నేనూ పక్కపక్క గళ్లలోనే వేశాను. అలా వేసిన పట్టికను చూసినవారెవరైనా జర్మనీలో నష్టం స్వల్పమనీ, అమెరికాలో దారుణమనీ అనుకుంటారు. కొద్ది వారాల్లోనే ఆ పట్టికను వెనక్కి తీసుకుని మళ్లీ మొదటి నుంచి కట్టవలసి వచ్చింది. ఎందుకు కట్టవలసి వచ్చిందో, రెండోసారి కట్టినప్పుడు ఏమి కనిపించిందో వివరించడమే ఈ కేస్ స్టడీ ఉద్దేశం.

అన్నిటికంటే ముందు ఒక తేడాను గుర్తించాలి. అమెరికా రేటు ఇంటింటి సర్వే నుంచి వస్తుంది. జర్మనీలో నెలనెలా ప్రకటించే రేటు ఉపాధి కార్యాలయాల్లో పేరు నమోదు చేసుకున్నవారి లెక్క. కాబట్టి కొలమానాలే వేరు. అయితే ఈ తేడాను సరిచేసినా అసలు చిక్కు తీరదు. అది ఇంకా లోతైనది: ఒకే రకమైన నష్టాన్ని రెండు దేశాల విధానాలు రెండు వేర్వేరు ఖాతాల్లో జమచేశాయి.

పని తగ్గినప్పుడు సంస్థ ముందున్న రెండు దారులు

గిరాకీ ఒక్కసారిగా పడిపోయినప్పుడు ప్రతి యజమానీ తాను కొనే మొత్తం పని గంటలను తగ్గించక తప్పదు. మొత్తం పని గంటలంటే మనుషుల సంఖ్యను ఒక్కొక్కరి గంటలతో గుణించగా వచ్చేది. వంద మంది నలభై గంటల చొప్పున పనిచేసే చోట మొత్తం సగానికి తగ్గాలంటే యాభై మందిని పంపించవచ్చు, లేదా వంద మందినీ ఉంచుకుని ఇరవై గంటల చొప్పున పని ఇవ్వవచ్చు. ఉత్పత్తి లెక్కలో రెండూ ఒకటే. నిరుద్యోగ రేటులో మాత్రం మొదటి దారి యాభై మందిని చూపిస్తుంది, రెండోది ఒక్కరినీ చూపించదు.

కార్మికుడి వైపు నుంచి చూస్తే తేడా మరింత పెద్దది. ఉద్యోగం అంటే నెల జీతం మాత్రమే కాదు. ఆ సంస్థ యంత్రాలు, అక్కడి పద్ధతులు, తోటివారితో కుదిరిన సమన్వయం, ఏళ్ల తరబడి పోగైన సీనియారిటీ, ఇవన్నీ కలిసి ఏర్పడిన బంధం అది. బంధం తెగితే మళ్లీ కుదరడానికి వెతుకులాట, నియామకం, శిక్షణ అన్నీ మొదటి నుంచీ జరగాలి. ఒక్కరి విషయంలో ఇది చిన్న ఖర్చే. కోట్ల బంధాలు ఒకే నెలలో తెగినప్పుడు మాత్రం ఆర్థిక వ్యవస్థ కోలుకునే వేగాన్నే అది నిర్ణయించగలదు. కాబట్టి కుదుపు వచ్చినప్పుడు ప్రభుత్వం తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న సాయం ఎంత అన్నది కాదని నా అభిప్రాయం. ఆ సాయం ఉద్యోగ బంధం లోపలి నుంచి వెళ్లాలా, బంధం తెగాక బయటి నుంచి వెళ్లాలా అన్నదే మొదటి ప్రశ్న.

జర్మనీ: సంస్థ ద్వారా వెళ్లిన సాయం

జర్మనీలో ఈ పద్ధతిని కుర్ట్స్‌ఆర్బైట్ అంటారు. కుదించిన పని అని అర్థం. పని తగ్గిన సంస్థ ఆ నెలలోనే స్థానిక ఉపాధి కార్యాలయానికి తెలియజేయాలి, గంటలు కుదించడానికి ఉద్యోగుల ప్రతినిధుల మండలితోగానీ, మండలి లేని చోట ఉద్యోగులతోగానీ ఒప్పందం ఉండాలి. కోల్పోయిన నికర వేతనంలో 60 శాతాన్ని, పిల్లలున్నవారికి 67 శాతాన్ని నిరుద్యోగ బీమా నిధి భరిస్తుంది. ఆ సొమ్మును మొదట సంస్థే జీతంతో కలిపి చెల్లించి, తర్వాత మూడు నెలల్లోగా నిధి నుంచి రాబట్టుకోవాలి.

ఒక ఉదాహరణతో చూద్దాం. నెలకు 2,000 యూరోల నికర వేతనం ఉన్న ఉద్యోగి గంటలు సగానికి తగ్గాయనుకుందాం. పన్నులు కూడా తగ్గుతాయి కాబట్టి సగం పనికి నికరంగా 1,200 యూరోలు వస్తాయనుకుంటే, కోల్పోయినది 800. అందులో 60 శాతం, అంటే 480 యూరోలు నిధి ఇస్తుంది. మొత్తం 1,680. పని సగమైనా ఆదాయం 84 శాతం నిలిచింది. ఇదే ఉద్యోగికి పని పూర్తిగా ఆగిపోతే వచ్చేది 1,200 మాత్రమే. కర్మాగారాల కోసం, అంటే పని తగ్గుతుందే తప్ప సున్నా కాని చోట్ల కోసం రూపొందిన సూత్రం ఇది. 2020లో దెబ్బ తిన్నవి ప్రధానంగా హోటళ్లు, రెస్టారెంట్లు. అక్కడ గంటలు సున్నాకు పడ్డాయి, వేతనాలు మొదటి నుంచీ తక్కువ. అందుకే సగానికి పైగా పని కోల్పోయినవారికి నాలుగో నెల నుంచి 70 శాతం, ఏడో నెల నుంచి 80 శాతం చొప్పున ఇచ్చేలా చట్టాన్ని సవరించారు. పిల్లలున్నవారికి అవి 77, 87 శాతాలు. అంతకుముందు సంస్థలో కనీసం మూడో వంతు ఉద్యోగులకు పని తగ్గితేనే వర్తించే పథకాన్ని 10 శాతం మందికి తగ్గినా వర్తించేలా సడలించారు. కోల్పోయిన గంటలపై యజమాని కట్టవలసిన సామాజిక బీమా చందాలను కూడా పూర్తిగా వెనక్కి ఇచ్చారు.

ఫలితం వేగంగా కనిపించింది. మార్చి, ఏప్రిల్ నెలల్లోనే దాదాపు 7.5 లక్షల సంస్థలు కోటి మందికి పైగా ఉద్యోగుల తరఫున నోటీసులు దాఖలు చేశాయి. వారిలో వాస్తవంగా గంటలు కోల్పోయినవారు ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షలని తర్వాత తేలింది. నోటీసుకూ వాస్తవానికీ మధ్య ఉన్న ఈ అంతరం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. భయంతో నోటీసు ఇచ్చిన సంస్థ తర్వాత అవసరం లేదని తెలిస్తే డబ్బు అడగకుండా ఊరుకోవచ్చు; భయంతో ఉద్యోగిని తొలగించిన సంస్థకు ఆ వెసులుబాటు లేదు.

పోలిక కోసం చెప్పాలంటే, ప్రపంచ ఆర్థిక సంక్షోభం నాడు ఈ పథకంలో ఉన్నవారి గరిష్ఠ సంఖ్య 2009 మే నెలలో దాదాపు 14 లక్షలు మాత్రమే. ఆ ఏడాది జర్మనీ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా కదలలేదు. దానికి పూర్తి ఘనత కుర్ట్స్‌ఆర్బైట్‌దే అనడం సరికాదు. మంచి కాలంలో అదనంగా చేసిన గంటలను కూడబెట్టుకుని చెడ్డ కాలంలో వాడుకునే పని గంటల ఖాతాలు చాలా సంస్థల్లో ఉన్నాయి. పైగా అంతకు కొద్దికాలం ముందే నిపుణుల కొరతతో ఇబ్బందిపడ్డ ఎగుమతి సంస్థలకు ఉన్నవారిని వదులుకోవడం ఇష్టం లేదు. అయినా 2020 నాటికి దరఖాస్తు ఎలా పెట్టాలో సంస్థలకు, ఎలా పరిశీలించాలో అధికారులకు తెలిసి ఉండటానికి 2009 అనుభవమే కారణం. నిరుద్యోగ బీమాను నడిపే కేంద్ర ఉపాధి సంస్థ వద్ద 2020 మొదట్లో దాదాపు 2,600 కోట్ల యూరోల నిల్వ ఉంది. ఆ ఏడాది ఒక్క కుర్ట్స్‌ఆర్బైట్‌కే దాదాపు 2,200 కోట్లు ఖర్చయ్యాయి.

అమెరికా: బంధం తెగాక అందిన సాయం

అమెరికాలో 2020 ఫిబ్రవరిలో నిరుద్యోగ రేటు 3.5 శాతం. ఏప్రిల్ ఒక్క నెలలో 2.05 కోట్ల ఉద్యోగాలు తగ్గాయని మొదటి అంచనా చెప్పింది. హోటళ్లు, రెస్టారెంట్లు, వినోద రంగం కలిపి 77 లక్షల ఉద్యోగాలు, అంటే ఆ రంగంలో దాదాపు సగం, ఆ నెలలోనే పోయాయి. వారానికి కొత్తగా వచ్చే నిరుద్యోగ భృతి దరఖాస్తుల పాత రికార్డు 1982 అక్టోబరు నాటి 6.95 లక్షలు, 2020 మార్చి చివరి వారంలో అవి 60 లక్షలు దాటాయి.

ఇక్కడే 14.7 శాతం అనే అంకెను దగ్గరగా చూడాలి. సర్వే సిబ్బంది ఏప్రిల్ 12 నుంచి 18 వరకు గడిచిన వారం గురించి ఇళ్లకు ఫోన్ చేసి అడిగారు: ఆ వారం వేతనం కోసం ఏమైనా పనిచేశారా? చేయకపోతే మీకు ఉద్యోగం ఉండి కూడా వెళ్లలేదా? వెళ్లకపోవడానికి కారణమేమిటి? సంస్థ మూతపడినందువల్ల ఇంట్లో ఉన్నవారిని తాత్కాలిక లేఆఫ్‌లో ఉన్న, అంటే తిరిగి పిలుస్తారన్న ఆశతో ప్రస్తుతానికి పని లేని, నిరుద్యోగులుగా నమోదు చేయాలని సిబ్బందికి ముందే సూచించారు. అయినా, ఉద్యోగం ఉందనీ, కాకపోతే ప్రస్తుతం వెళ్లడం లేదనీ చెప్పిన లక్షలాది మంది జవాబులు, ఉపాధిలో ఉండి ‘ఇతర కారణాల’ వల్ల గైర్హాజరైనవారి గడిలోకి చేరాయి. సాధారణంగా ఏప్రిల్ నెలల్లో దాదాపు 6.2 లక్షల మంది ఉండే ఆ గడిలో ఈసారి 81 లక్షల మంది ఉన్నారు. ఆ అదనపు సంఖ్యనంతా నిరుద్యోగులుగా లెక్కిస్తే రేటు దాదాపు 5 శాతం పాయింట్లు ఎక్కువగా ఉండేదని కార్మిక గణాంకాల సంస్థే తన నివేదికలో ప్రకటించింది. నమోదైన జవాబులను తర్వాత మార్చకూడదన్న నియమం ప్రకారం అధికారిక అంకెను మాత్రం అలాగే ఉంచింది. ఆ నిర్ణయం సరైనదే. నచ్చని జవాబును కార్యాలయంలో కూర్చుని దిద్దడం ఒకసారి మొదలైతే ఆ తర్వాతి ఏ అంకెనూ నమ్మలేము.

అయితే ఆ 81 లక్షల గడి నాకు మరో విషయం కూడా చెప్పింది. ఆ జవాబులిచ్చినవారు తమ ఉద్యోగం పోయిందని అనుకోలేదు. ఆ నెల నిరుద్యోగులుగా లెక్కకు వచ్చిన 2.31 కోట్ల మందిలో కూడా 1.81 కోట్ల మంది తాత్కాలిక లేఆఫ్‌లో ఉన్నవారే. చట్టం దృష్టిలో బంధం తెగింది. మనుషుల మనసులో తెగలేదు. జర్మనీలో ఇదే పరిస్థితిలో ఉన్న వ్యక్తి ఉద్యోగి, ఇక్కడ నిరుద్యోగి.

అదే నివేదికలో సగటు గంట వేతనం ఒక్క నెలలో 1.34 డాలర్లు పెరిగి 30.01 డాలర్లకు చేరింది. ఆ నెలలో జీతాలు పెరిగాయని ఎవరైనా నమ్ముతారా? తక్కువ వేతనం తీసుకునేవారు పెద్ద సంఖ్యలో లెక్క నుంచి జారిపోవడంతో మిగిలినవారి సగటు పైకి లేచింది. కుదుపు కాలంలో సగటు వేతనాన్ని చూసి విధానంపై తీర్పు చెప్పేవారు ఈ ఒక్క అంకెను గుర్తుంచుకోవడం అవసరం.

600 డాలర్ల కథ

మార్చి 27న అమల్లోకి వచ్చిన కేర్స్ చట్టం, రాష్ట్రాలు ఇచ్చే భృతికి అదనంగా వారానికి 600 డాలర్లను జూలై చివరి వరకు కలిపింది. స్వయం ఉపాధిలో ఉన్నవారికి కూడా భృతి వర్తింపజేసింది. వారానికి 500 డాలర్లు సంపాదించే వ్యక్తికి రాష్ట్రం సగం, అంటే 250 ఇస్తుందనుకుంటే, 600 కలిపి 850 వస్తుంది. ఇది పాత వేతనంలో 170 శాతం. భృతికి అర్హులైనవారిలో మూడింట రెండు వంతుల మందికి పైగా తమ పాత వేతనం కంటే ఎక్కువే అందిందని పీటర్ గానాంగ్, పాస్కల్ నోయెల్, జోసెఫ్ వావ్రాల పరిశోధన చూపింది. ఆగస్టు మొదటి వారంలో అదే వ్యక్తికి మళ్లీ 250 మాత్రమే.

ఇంత ఎగుడుదిగుడు సాయం ఎందుకు రూపొందింది? ఒక్కొక్కరి పాత వేతనంలో ఇంత శాతం అని ఇవ్వడం మెరుగైన పద్ధతని అందరికీ తెలుసు. కానీ అప్పటి రాష్ట్రాల కంప్యూటర్ వ్యవస్థలు దశాబ్దాల నాటివి. కొన్ని ఇంకా కోబాల్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాషలో నడుస్తుండేవి. ఆ ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావాలని బహిరంగంగా కోరవలసి వచ్చింది. ఆ వ్యవస్థల్లో మనిషికొక లెక్క వేయడం సాధ్యం కాదని, సగటున పాత వేతనమంతా భర్తీ అయ్యే స్థిర మొత్తాన్ని ఎంచుకున్నారు. సగటుకు సరిపోయే మొత్తం తక్కువ వేతనం వారికి చాలా ఎక్కువ, ఎక్కువ వేతనం వారికి చాలా తక్కువ. విధానం ఎలా ఉండాలో ఆర్థిక సిద్ధాంతం కంటే పాత సాఫ్ట్‌వేర్ గట్టిగా శాసించిన సందర్భమిది. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో అతి ముఖ్యమైన భాగం ఇదే.

ఉద్యోగ బంధాన్ని నిలిపే ప్రయత్నం అమెరికా కూడా చేయకపోలేదు. చిన్న వ్యాపారాలకు జీతాల కోసం ఇచ్చిన, తర్వాత మాఫీ అయ్యే రుణాలకు తొలి విడతలోనే 34,900 కోట్ల డాలర్లు కేటాయించారు. గంటలు పోయాయా లేదా అన్న పరీక్ష దానికి లేదు. అడిగిన అర్హులందరికీ ఇచ్చారు. ఆ సొమ్ములో 23 నుంచి 34 శాతం మాత్రమే, లేకపోతే ఉద్యోగం కోల్పోయి ఉండేవారికి చేరిందని ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్ బృందం అంచనా వేసింది. జర్మనీ తరహా పని పంపిణీ పథకం దాదాపు సగం రాష్ట్రాల చట్టాల్లో అప్పటికే ఉంది, దాని ఖర్చును భరిస్తామని కేంద్రం ముందుకు వచ్చింది కూడా. అయినా దాన్ని వాడుకున్న సంస్థలు చాలా తక్కువ. సంక్షోభం మధ్యలో కొత్త దరఖాస్తును నేర్చుకునే తీరిక యజమానికి ఉండదు. ఉద్యోగులను భృతికి పంపడం అతనికి తెలిసిన దారి.

కుదుపు తగ్గాక

బంధం తెగినంత మాత్రాన అమెరికాలో ఉద్యోగాలు తిరిగి రాలేదని అనుకోరాదు. తాత్కాలిక లేఆఫ్‌లో ఉన్నవారి సంఖ్య ఏప్రిల్‌లోని 1.81 కోట్ల నుంచి డిసెంబరుకు దాదాపు 30 లక్షలకు తగ్గింది. మౌఖికంగా మాత్రమే మిగిలిన బంధం కూడా, తిరిగి పిలుస్తామన్న యజమాని మాటగా, చాలావరకు పనిచేసింది. ఇంకోవైపు, శాశ్వతంగా ఉద్యోగం కోల్పోయినవారు సెప్టెంబరు నాటికి 38 లక్షలకు చేరారు. ఫిబ్రవరి కంటే ఇది 25 లక్షలు ఎక్కువ. అసలు గాయం అదే, కానీ మొత్తం రేటు వేగంగా దిగివస్తుంటే ఎక్కువమంది దాన్ని గమనించలేదు.

2021లో మరొకటి జరిగింది. బంధాలు తెగిన కార్మికులు పాత చోటికే వెళ్లవలసిన అవసరం లేకపోయింది. స్వచ్ఛందంగా ఉద్యోగం మానేసేవారి సంఖ్య నవంబరులో 45 లక్షలకు చేరి రికార్డు సృష్టించింది, అట్టడుగు వేతనాలవారికే జీతాలు వేగంగా పెరిగాయి. తక్కువ వేతనానికి కట్టిపడేసే బంధం తెగడం వల్ల వచ్చిన మేలు ఇది. బంధాన్ని నిలిపితే అన్ని విధాలా మంచిదే అనుకుంటూ వచ్చిన నా ఆలోచనను ఈ పరిణామం సరిదిద్దింది. తాత్కాలికమైన కుదుపులో బంధం విలువైన ఆస్తి. రంగమే మారిపోతున్నప్పుడు అదే బంధం కార్మికుణ్ణి తిరిగిరాని పని దగ్గర ఆపివేస్తుంది. ఏది ఏ రకం కుదుపో మొదటి నెలలో ఎవరికీ తెలియదు.

ఆ అనిశ్చితిని పథకం లోపలే ఎలా పెట్టుకోవాలన్నదానికి బ్రిటన్ అనుభవం కొంత దారి చూపుతుంది. అక్కడ ఫర్లో పథకం, అంటే పని లేకపోయినా ఉద్యోగంలోనే ఉంచే పథకం, నెలకు 2,500 పౌండ్ల పరిమితితో వేతనంలో 80 శాతం ఇచ్చింది. మొత్తం మీద 1.17 కోట్ల ఉద్యోగాలకు అది వర్తించింది. మొదటి నెలల్లో ఫర్లోలో ఉన్నవారు ఆ సంస్థకు ఒక్క గంట కూడా పనిచేయకూడదు. సంస్థకు వారానికి ఒక రోజు పని వచ్చినా ఆ ఒక్క రోజుకు పిలవడానికి వీల్లేదు. 2020 జూలై 1 నుంచి పాక్షికంగా పనిచేయడాన్ని అనుమతించారు, ఆ తర్వాత క్రమంగా యజమానుల వాటాను పెంచారు. యజమాని తన జేబు నుంచి కొంత కట్టవలసి వచ్చినప్పుడే, ఆ ఉద్యోగం తనకు నిజంగా అవసరమా కాదా అన్నది అతను తేల్చుకుంటాడు. 2021 సెప్టెంబరు 30న పథకం ముగిసేనాటికి ఇంకా 11 లక్షలకు పైగా ఉద్యోగాలు దానిపై ఉన్నాయి. చాలామంది భయపడినట్లు ఆ తర్వాత నిరుద్యోగం పెరగలేదు, తగ్గింది.

రెండోసారి కట్టిన పట్టిక

ఈ కేసు తర్వాత నేను కుదుపు కాలపు పట్టికను నిరుద్యోగ రేటుతో మొదలుపెట్టడం మానేశాను. మొదటి వరుస మొత్తం పని గంటలు. రెండోది, ఉద్యోగం ఉండి ఆ వారం పనిచేయనివారు. మూడోది, తిరిగి పిలుపు ఆశిస్తున్నవారు. నాలుగోది, ఆ ఆశ లేనివారు. ఆ తర్వాతే రేటు. ఈ క్రమంలో చూస్తే 2020 ఏప్రిల్‌లో జర్మనీ, అమెరికాల మధ్య దూరం మొదటి పట్టికలో కనిపించినంత ఉండదు. అమెరికాలో తాత్కాలిక లేఆఫ్‌లో ఉన్న 1.81 కోట్ల మందికి సరిజోడు జర్మనీలో నిరుద్యోగుల గడిలో కాక, కుర్ట్స్‌ఆర్బైట్ గడిలోని 60 లక్షల మందిలో దొరుకుతుంది.

ఐదో వరుసను చివర చేర్చాను: ఏ లెక్కలోనూ కనిపించనివారు. జర్మనీలో నెలకు అప్పట్లో 450 యూరోల పరిమితిలో ఉండే చిన్న కొలువులను మినీజాబ్‌లు అంటారు. వీటిపై నిరుద్యోగ బీమా చందా ఉండదు కాబట్టి కుర్ట్స్‌ఆర్బైట్ వర్తించదు, భృతీ రాదు. రెస్టారెంట్లలో వడ్డించేవారు, దుకాణాల్లో సాయంత్రాలు పనిచేసే విద్యార్థులు, పింఛనుకు తోడుగా కొన్ని గంటలు పనిచేసే వృద్ధులు ఇలాంటి కొలువుల్లో ఎక్కువ. 2020 వసంతంలో ఈ కొలువులు లక్షల్లో పోయాయి. పోగొట్టుకున్నవారిలో చాలామంది ఉపాధి కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేసుకోలేదు, ఎందుకంటే వెళ్లినా వారికి అక్కడ వచ్చేదేమీ లేదు. ఏప్రిల్ నాటి 5.8 శాతంలో వారు లేరు, కుర్ట్స్‌ఆర్బైట్‌లోని 60 లక్షల మందిలోనూ లేరు.